ఇంట్లో చిన్న మరమ్మతులు - మన విశ్వాసం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు, "నాకు కథలూ కవితలూ రావు సార్" అన్నాను. "నీకొచ్చిందే రాయవయ్యా" అన్నారు. నాకొచ్చింది పానా పట్టుకోవడం. ఐ.టి.ఐ.లో ఫిట్టర్ ట్రేడు చదివి, ఇరవై ఏళ్ళకు పైగా నెల్లూరు చుట్టుపక్కల పంపులు, పైపులు, కుళాయిలు బాగుచేస్తూ బతుకుతున్నాను. ఆదివారం చర్చికి వెళ్తాను. ఈ రెండింటికీ ఉన్న సంబంధం గురించి నాకు తెలిసింది రాస్తాను. మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారని నాకు తెలుసు. నేను పెరిగిన విశ్వాసం గురించే నేను చెప్పగలను. కుళాయి వాషరు మాత్రం అందరికీ ఒకటే.

1996లో నేను తొమ్మిదో తరగతి. అప్పట్లో మన స్నానాల గదిలో వరసగా ఆరు కుళాయిలు ఉండేవి. అందులో మూడోది ఎంత బిగించినా కారుతూనే ఉండేది. దసరా సెలవులకు ముందు మొదలైంది, క్రిస్మస్ దగ్గరికొచ్చినా కారుతూనే ఉంది. మేం కొందరం రోజూ సాయంత్రం ఆ గది పక్క వరండాలోనే కూర్చుని ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఎండాకాలం నీళ్ళ ఎద్దడి రాకూడదని కూడా ప్రార్థన చేశాం. ఆ టపటపల మధ్యనే చేశాం. మాలో ఒక్కడికీ లేచి ఆ కుళాయి చూడాలని తోచలేదు.

ఒక ఆదివారం నన్ను చూడడానికి మా నాయన వచ్చాడు. మాది తోలు పని చేసే ఇల్లు. నాయన శనివారం సంతలో చెప్పులు కుట్టి, అట్నుంచి అటే సంచీతో వచ్చేశాడు. కాళ్ళు కడుక్కుందామని స్నానాల గదికి పోయి, అక్కడే నిలబడిపోయాడు.

"ఏంది అబ్బోడా, నీళ్ళు ఇట్టా పోతా ఉంటే మీకెవురికీ కనపళ్ళేదా?" అన్నాడు.

"వాచ్‌మన్ చూసుకుంటాడులే, రా పోదాం" అన్నాను. నాయన వినలేదు. సంచీలోంచి ఆరె, రంపె, ఓ తోలు ముక్క తీశాడు. వాచ్‌మన్ దగ్గర పానా అడిగి తెచ్చాడు. పిల్లలు గుమిగూడారు. వాళ్ళలో ఒకడు నన్ను, "మీ నాయన చెప్పులు కుడతాడా?" అని అడిగాడు. "కాదు, ఈయన మా ఊరాయన" అన్నాను.

నాయన విన్నాడు. తలెత్తలేదు. పని అయిపోయాక, అప్పటిదాకా "అబ్బోడా" అని పిలుస్తున్న మనిషి, "బాబూ, ఆ వాల్వు తిప్పు" అన్నాడు.

ఆ సంగతి పక్కనబెట్టి ముందు ఆయన చేసిన పని చెబుతాను, మీకు ఉపయోగపడుతుంది. పాతరకం ఇత్తడి కుళాయి లోపల ఒక చిన్న ఇత్తడి బిళ్ళ ఉంటుంది. దాని అడుగున వాషరు ఉంటుంది. మనం పిడి బిగించినప్పుడు ఆ వాషరు నీళ్ళొచ్చే రంధ్రం మీద కూర్చుని దాన్ని మూస్తుంది. రోజూ నలిగి నలిగి వాషరు అరిగిపోతే రంధ్రం పూర్తిగా మూసుకోదు. అప్పుడు మనం ఇంకా గట్టిగా బిగిస్తాం. దాంతో వాషరు ఇంకా తొందరగా చిరిగిపోతుంది. కారే కుళాయిని బలంకొద్దీ బిగించడం దాన్ని పాడుచెయ్యడమే.

ముందు ట్యాంకు నుంచి వచ్చే గేట్ వాల్వు కట్టెయ్యండి. కుళాయి తిప్పి లోపలున్న నీళ్ళు పోనివ్వండి. కుళాయి మీద గుడ్డ చుట్టి, పానాతో పైభాగాన్ని ఎడమవైపుకు తిప్పి ఊడదీయండి. లోపల బిళ్ళ చేతికి వస్తుంది. దానికున్న పాత వాషరు తీసి, అదే సైజు కొత్తది పెట్టి, మళ్ళీ బిగించండి. పది నిమిషాల పని. వాషరు ఖరీదు ఒక టీ ఖరీదుకు మించదు. ఊడదీసేటప్పుడు కింద ఒక గిన్నె పెట్టుకోవడం మరిచిపోవద్దు. చిన్న నట్టు జాలీలో పడిందంటే ఆ రోజంతా దాన్ని వెతకడమే పని. పిడి దగ్గర కారుతుంటే వాషరు తప్పు కాదు. పిడి చుట్టూ ఉన్న నట్టు వదులు చేసి, గ్రీజు రాసిన నూలు దారం నాలుగు చుట్లు చుట్టి బిగించాలి. గోడ దగ్గర కారుతుంటే కుళాయి విప్పి మరల మీద తెల్ల టేపు చుట్టాలి, బిగించే దిక్కుకే చుట్టాలి, లేకపోతే టేపు లేచిపోతుంది. కొత్త వాషరు వేసినా కారుతుంటే రంధ్రం అంచే అరిగిందని అర్థం. కుళాయి మార్చడమే మంచిది. ఇప్పుడు వస్తున్న పావు చుట్టు కుళాయిల్లో ఈ వాషరు ఉండదు, లోపలి కాట్రిడ్జి మొత్తం మార్చాలి.

ఒక లెక్క చెయ్యండి. కారే కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి గడియారం చూడండి. 12 నిమిషాల్లో నిండిందనుకుందాం. గంటకు 5 గ్లాసులు, రోజుకు 120, అంటే 24 లీటర్లు. నెలకు 720 లీటర్లు. మైపాడు వైపు, విడవలూరు వైపు సముద్రం దగ్గరి ఊళ్ళ పిల్లలకు ఈ లెక్క నేను చెప్పనక్కర్లేదు. బోరు ఉప్పగా ఉంటే మీ అమ్మ మంచినీళ్ళ బిందె ఎంత దూరం మోస్తుందో మీకే తెలుసు.

మా నాయన రబ్బరు వాషరు కొనలేదు, తోలుతో కోసి, నూనె పట్టించి వేశాడు. అది తక్కువరకం పని అనుకున్నాను. తర్వాత ఐ.టి.ఐ.లో తెలిసింది, చన్నీళ్ళ కుళాయిలకు పూర్వం తోలు వాషర్లే వాడేవారని. మన ఊళ్ళలో బోరింగులు అంటామే, యూనిసెఫ్ సాయంతో 1970లలో రూపొందిన ఇండియా మార్క్ 2 చేతిపంపులు, వాటి సిలిండర్ లోపల నీటిని పైకి లాగేవి కూడా మొదట్లో తోలు కప్పులే. రబ్బరువి తర్వాత వచ్చాయి. అంటే దేశమంతటా పల్లెలకు నీళ్ళు తాగించింది కొంతవరకు తోలే. ఆ సంగతి తొమ్మిదో తరగతిలో నాకెవరూ చెప్పలేదు.

బైబిలు చదివేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. యేసు ప్రభువు సొంత ఊరు నజరేతులో బోధించినప్పుడు అక్కడివాళ్ళు ఆయన మాటల్లో తప్పు పట్టలేదు. ఇతను వడ్రంగి కదా అన్నారు. మార్కు సువార్త ఆరో అధ్యాయంలో ఉంది. అంటే పని పేరు చెప్పి మనిషిని తక్కువ చెయ్యడం అన్నమాట. అపొస్తలుడైన పౌలు కొరింథులో గుడారాలు కుట్టి బతికాడు. అది తోలు పనే కావచ్చునని చెప్పే పండితులు ఉన్నారు. ఇంకొకటి, ఇది నాకు చాలా ఇష్టం. పేతురు యొప్పే పట్నంలో చాలా రోజులు బస చేసిన ఇల్లు ఎవరిది? సీమోను అనే తోళ్ళు ఊనే మనిషిది. ఆ ఇల్లు సముద్రం పక్కన ఉండేది. చచ్చిన జంతువుల తోళ్ళు ముట్టుకుంటాడని ఆ రోజుల్లో యూదులు ఆ పనివాళ్ళను దూరం పెట్టేవారు. అటువంటి ఇంట్లో ఉన్నప్పుడే, ఏ మనిషినీ అపవిత్రుడనకూడదని పేతురుకు తెలిసింది. ఆదివారం బడిలో ఈ కథ పదిసార్లు విన్నాను. ఎవరింట్లో జరిగిందో మాత్రం పట్టించుకోలేదు. మా ఇంటి కథేనని తెలిసుంటే ఆ రోజు స్నానాల గదిలో నా నోట ఆ మాట వచ్చేది కాదేమో.

ఇక మన సముద్రతీరం ఇళ్ళ సంగతి. మన దగ్గర గాలిలోనే ఉప్పు ఉంటుంది. ఉప్పు తేమను లాక్కుంటుంది, ఆ ఉప్పుతడి ఇనుమును తినేస్తుంది. లోపలి ఊళ్ళలో చాలా ఏళ్ళు వచ్చే గడియ, బందు, కిటికీ చువ్వ మన దగ్గర తొందరగా పొడిపొడి అవుతాయి. అందుకే తలుపు బందులకు ఇనుప మరలు కాకుండా ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో కొనండి. ఉన్నవాటికి రెండు నెలలకోసారి రెండు చుక్కల మెషిన్ ఆయిల్ వెయ్యండి. కిటికీ చువ్వలకు తుప్పు గీకకుండా పైనే రంగు వేస్తే, తుప్పు రంగు కింద తన పని తాను చేసుకుపోతుంది. ఇనుప బ్రష్షుతో గీకి, మంచినీళ్ళతో కడిగి, బాగా ఆరాక రెడ్ ఆక్సైడ్ వేసి, అప్పుడు రంగు వెయ్యాలి. మర పట్టకుండా రంధ్రం వదులైతే అగ్గిపుల్లలు ఫెవికాల్‌లో ముంచి రంధ్రంలో కొట్టి, ఆరాక మర బిగించండి. వానాకాలంలో తలుపు ఉబ్బి పట్టేస్తే మాత్రం చిత్రిక పట్టించడానికి తొందరపడొద్దు. ఎండలొచ్చాక అదే సర్దుకుంటుంది. వానలో చెక్కేస్తే ఎండాకాలంలో సందు పడుతుంది.

కాలనీ ఇళ్ళలో ఇంతకంటే పెద్ద జబ్బు శ్లాబు పెచ్చులూడడం. కట్టేటప్పుడు తీరం ఇసుక, ఉప్పునీళ్ళు వాడితే లోపలి కమ్మీకి తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, పైనున్న కాంక్రీటును పగలగొట్టి కిందికి తోసేస్తుంది. కాబట్టి ఊడినచోట ఊరికే సిమెంటు మెత్తితే మళ్ళీ ఊడుతుంది. వదులుగా ఉన్నదంతా రాల్చి, కమ్మీ తుప్పు మెరిసేదాకా గీకి, మంచినీళ్ళతో కడిగి, కమ్మీకి సిమెంటు పాలు పట్టించి, ఆ తర్వాత పూత వేసి వారం రోజులు తడపాలి. వేసే ఇసుక ఏటి ఇసుకే అయ్యుండాలి. కమ్మీ సన్నబడినా, శ్లాబు కిందికి వంగినట్టున్నా అది మన పని కాదు. ఆ గదిలో పడుకోవడం మానేసి ఇంజనీరుకు చూపించండి.

2015 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, జిల్లా అంతా నీళ్ళే. ఆ వారం మా చర్చిలో, భర్త పోయిన ఒక అమ్మ లేచి, ఇల్లు కారుతోంది ప్రార్థన చేయండని అడిగింది. అందరం కళ్ళు మూసుకుని చేశాం. ఆమేన్ అన్నాక ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. గేటు దాకా వచ్చాక నాకు సిగ్గేసింది. చలికి వణికేవాణ్ణి చూసి, వెళ్ళి వెచ్చగా ఉండు నాయనా అని మాట చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు పత్రిక అడుగుతుంది. నిచ్చెన తీసుకుని ఇద్దరు కుర్రాళ్ళతో పోయాను. శ్లాబు మీద జానెడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళు పోయే గొట్టంలో వేపాకు, ఒక పాలిథిన్ సంచి అడ్డం పడ్డాయి. చేత్తో లాగేసరికి అరగంటలో నీళ్ళన్నీ దిగిపోయాయి. సగం కారడం అక్కడే ఆగింది. మిగతా సగానికి వానలు తగ్గాక పగుళ్ళు గీకి, సిమెంటు పాలు పోసి, వాలు సరిచేశాం. రెండు పూటల పని. దేవుడు ఆ ప్రార్థన విన్నాడనే నేను నమ్ముతాను. నిచ్చెన మా ఇంట్లో ఉందని ఆయనకు తెలుసు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. మన తీరం వెంబడి పారే బకింగ్‌హామ్ కాలువ చూశారు కదా. 1876-78 కరువులో జనం ఆకలితో చచ్చిపోతుంటే, ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఆ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకున్నాడు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. దొర చిన్నతనంలో అమెరికాలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకున్నాడు. ప్రసంగం చేయడమే తెలిసినవాడైతే ఆ కాంట్రాక్టు చేయగలిగేవాడు కాదు. కూలీలకు రోజువారీ కూలి దక్కేలా చూశాడు, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. అన్నం కోసం మతం మారారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు పనులు ముగిశాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. అంతకు పన్నెండేళ్ళ ముందే, 1866లో, క్లౌ దొర దగ్గరికి మొదటగా వచ్చిన యెర్రగుంట్ల పేరయ్య కూడా తోళ్ళ వ్యాపారం చేసే మనిషే. 2,222 అనే అంకె ప్రతి మహాసభలోనూ చెబుతారు. పార పట్టిన చేతుల సంగతి అంతగా చెప్పరు. నాకు ఆ కాలువే ఎక్కువ ప్రసంగం చేసినట్టుంటుంది.

ఇంత చెప్పాను కదా అని అన్నీ మీరే చెయ్యమని కాదు. కరెంటు 230 వోల్టులు, దానికి భక్తుడు, కానివాడు అనే తేడా లేదు. ఫ్యాను నెమ్మదిగా తిరిగితే చాలాసార్లు కెపాసిటరే పోయుంటుంది. సాధారణంగా 2.5 మైక్రోఫారాడ్‌ది సరిపోతుంది, పాతదాని మీద రాసిన అంకె చూసి కొనండి. కానీ మార్చేటప్పుడు గోడ స్విచ్చి కట్టేస్తే చాలదు, మెయిన్ దించి, టెస్టరు పెట్టి చూడాలి, పక్కన పెద్దవాళ్ళు ఒకరుండాలి. ఫ్యూజు పోతే రాగి తీగ పోగులు మెలేసి పెట్టే తెలివి అస్సలు చూపించొద్దు. ఫ్యూజు తీగ కాలిపోవడమే దాని పని, అది కాలకపోతే ఇల్లు కాలుతుంది. గ్యాసు వాసన వస్తే రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తీసి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికి రండి. గొట్టం దగ్గర కారుతోందా అని చూడాల్సింది సబ్బు నురగతో, అగ్గిపుల్లతో కాదు.

ఒక పని మాత్రం పెద్దవాళ్ళయ్యాక కూడా చెయ్యొద్దు. సెప్టిక్ ట్యాంకులోకి దిగొద్దు. ఎవరు చెప్పినా, ఎంతిస్తామన్నా, "ఒక్క నిమిషమే" అన్నా దిగొద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు ఉంటుంది. కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసన తెలియడమే ఆగిపోతుంది, మనిషి అక్కడే కుప్పకూలిపోతాడు. కాపాడదామని దిగినవాడూ పోతాడు. మనుషుల చేత ఆ పని చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోయినవాళ్ళ కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఈ పనిని దేశంలో లేకుండా చెయ్యాలని పోరాడుతున్న బెజవాడ విల్సన్ కోలారు గనుల్లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టినవాడు, 2016లో మెగసెసే అవార్డు అందుకున్నాడు. మన సాంఘిక సంక్షేమ హాస్టళ్ళ కోసం ఎంతో చేసిన ఎస్.ఆర్. శంకరన్ గారు కూడా ఆ ఉద్యమానికి అండగా నిలిచారు.

ఏ పనీ తక్కువ కాదని పైన రాసి, ఇక్కడ వద్దంటున్నావేమని మీరు అడగొచ్చు. మా నాయన కుళాయి విప్పింది ఎవరూ చెప్పకుండా, తనంతట తాను. ట్యాంకులోకి దిగమని మాత్రం మన పేటలవాళ్ళనే ఎందుకు పిలుస్తారో మీకు తెలుసు. ఆ రెండూ ఒకటి కావు.

మా నాయన 2011లో పోయాడు. ఆ రోజు అన్న మాట గురించి నేను క్షమాపణ అడిగింది ఐ.టి.ఐ. పాసైన రోజున. ఆయన నవ్వి, "ఆ వాషరు మళ్ళీ కారిందా?" అని అడిగాడు. నేను పది పాసై వెళ్ళేదాకా కారలేదని చెప్పాను. "మరింకేంది" అన్నాడు.

ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు హాస్టలుకు ఒక రేకు పెట్టె తెస్తున్నాను. అందులో పెద్ద పానా ఒకటి, చిన్నది ఒకటి, కటింగ్ ప్లేయరు, రెండు స్క్రూడ్రైవర్లు, టెస్టరు, తెల్ల టేపు, నూలుండ, గ్రీజు డబ్బా, అర అంగుళం వాషర్లు రెండు డజన్లు ఉంటాయి. మా నాయన ఆరె కూడా పెడదామనుకున్నాను కానీ మనసొప్పలేదు, అది నా దగ్గరే ఉంటుంది. పెట్టె వార్డెన్ గారి గదిలో పెట్టిస్తాను. మొన్న వచ్చినప్పుడు చూశాను, గోడకున్న కుళాయిలు మారాయి కానీ చివరనుంచి రెండోది కారుతోంది. పదో తరగతి పిల్లలు ఇద్దరు ఆదివారం పొద్దున సిద్ధంగా ఉంటే, గేట్ వాల్వు ఎక్కడుందో ముందు అది చూపిస్తాను.